లోకల్ వేరియబుల్ అడ్రస్ ఫంక్షన్ దాటి బయటికి పోతే, స్టాటిక్ అనాలిసిస్ ఎంతవరకు పట్టుకోగలదు?

రిజిస్టర్_రాణి

అందరికీ నమస్కారం. సీ భాషలో రాసిన పాత ప్రాజెక్ట్ ఒకటి మా టీమ్ చూసుకుంటోంది. ఈమధ్య అందులో ఒక బగ్ మమ్మల్ని బాగా టెన్షన్ పెట్టింది. విషయం ఇదీ (పేర్లు మార్చాను):

వాయిడ్ పని_మొదలు(లూప్ *లూప్) {
    స్ట్రక్ట్ జాబ్ జాబ్;
    జాబ్.స్థితి = 0;
    కాల్‌బ్యాక్_చేర్చు(లూప్, పని_అయింది, &జాబ్);
}

ఫంక్షన్ రిటర్న్ అయ్యాక కూడా ఈవెంట్ లూప్ దగ్గర జాబ్ అడ్రస్ ఉండిపోతుంది. కాల్‌బ్యాక్ (పని అయ్యాక ఈవెంట్ లూప్ పిలిచే ఫంక్షన్) వచ్చేసరికి ఆ స్టాక్ (లోకల్ వేరియబుల్స్ తాత్కాలికంగా ఉండే మెమరీ) చోటును ఇంకో ఫంక్షన్ వాడుకుంటూ ఉంటుంది. కాల్‌బ్యాక్ స్థితిని మార్చామనుకుంటుంది, నిజానికి మారేది ఎవరిదో లోకల్ వేరియబుల్. క్రాష్ ఒకచోట, కారణం ఇంకోచోట. డీబగ్ బిల్డ్‌లో అయితే అసలు కనిపించలేదు, ఎందుకంటే ఆ బిల్డ్‌లో ఫ్రేమ్‌ల (ఒక్కో ఫంక్షన్‌కి స్టాక్‌లో దక్కే భాగాల) అమరిక వేరు, పాత విలువలు ఎవరూ చెరపకుండా అలాగే మిగిలిపోయాయి.

కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. అందుకే క్లాంగ్ కంపైలర్ మీద ఆధారపడి సొంతంగా ఒక స్టాటిక్ అనాలిసిస్ చెకర్, అంటే ప్రోగ్రామ్‌ని నడపకుండా కోడ్ చదివే తప్పులు పట్టేది, రాద్దామనుకుంటున్నాను. లోకల్ అడ్రస్‌ని నేరుగా రిటర్న్ చేస్తే పట్టుకోవడం తేలిక. గ్లోబల్‌లోనో, పారామీటర్ చూపించే స్ట్రక్ట్‌లోనో దాచితే ఎలా? పై కోడ్‌లోలాగా వేరే ఫంక్షన్ దాచుకుంటే ఎలా? ఇలాంటిది రాసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకోడ్

రాణి గారూ, చేతిలో ఉన్న టూల్స్ ఎక్కడ ఆగిపోతాయో ముందు చూసుకుంటే మీరు రాయాల్సింది ఎంతో తేలుతుంది.

రిటర్న్ సంగతి జీసీసీ, క్లాంగ్, మైక్రోసాఫ్ట్ కంపైలర్ మూడూ చెప్తాయి. మైక్రోసాఫ్ట్‌ది సీ4172 వార్నింగ్. బలహీనతల జాబితాలో దీని నంబర్ సీడబ్ల్యూఈ-562. కాకపోతే క్లాంగ్ మామూలు వార్నింగ్ సింటాక్స్ ట్రీ (కోడ్ రాసిన రూపాన్ని చూపే చెట్టు) మీద నడిచే తనిఖీ. మధ్యలో ఒక పాయింటర్ వేరియబుల్ పెట్టి, దానికి అడ్రస్ ఇచ్చి, ఒక ఇఫ్ దాటాక దాన్ని రిటర్న్ చేస్తే సాధారణంగా అది జారిపోతుంది. జీసీసీ అలా కాదు, కంపైలర్ లోపల తయారయ్యే ఇంటర్మీడియట్ కోడ్ మీద కూడా చూస్తుంది. 2022లో వచ్చిన జీసీసీ 12లో డ్యాంగ్లింగ్-పాయింటర్ (చూపించే వస్తువు పోయినా మిగిలిపోయిన పాయింటర్) అనే కొత్త వార్నింగ్ చేర్చారు, లోకల్ అడ్రస్‌ని బయటి చోట స్టోర్ చేసినా అది హెచ్చరిస్తుంది. అయితే ఇన్‌లైనింగ్ (పిలిచిన ఫంక్షన్ కోడ్‌ని పిలిచినచోటే పెట్టేయడం) అయ్యాక చూస్తుంది కాబట్టి ఆప్టిమైజేషన్ స్థాయి మారితే ఫలితమూ మారుతుంది. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనంతట నడిచే బిల్డ్, టెస్టుల వ్యవస్థలో) డీబగ్ బిల్డ్ ఒక్కటే నడిపేవాళ్లకు కొన్ని వార్నింగ్‌లు ఎప్పటికీ కనిపించవు. డీబగ్, ఆప్టిమైజ్డ్ రెండు బిల్డ్‌లూ నడపండి.

క్లాంగ్ స్టాటిక్ అనలైజర్‌లో స్టాక్ అడ్రస్ ఎస్కేప్ (అడ్రస్ ఫంక్షన్ దాటి బయటికి పోవడం) అనే చెకర్ ఇప్పటికే ఉంది. మీది మొదలుపెట్టే ముందు దాని సోర్స్ చదవండి. పెద్దదేం కాదు.

లెక్సికల్_లోతు

స్టోర్ విషయానికి చాలా పాత నియమం ఒకటి ఉంది, అదే అసలు పునాది. ఆల్గాల్ 68లోనే ఉంది: ఒక రిఫరెన్స్‌ని దానికంటే ఎక్కువ కాలం బతికే చోట పెట్టకూడదు. అడా భాషలో యాక్సెసిబిలిటీ లెవల్స్ అన్నది ఇదే. ప్రతి డిక్లరేషన్‌కీ ఒక లోతు ఉంటుంది, లోతైనదాని అడ్రస్‌ని పైస్థాయి పాయింటర్ రకంలోకి తీసుకుంటే కంపైలర్ ఒప్పుకోదు. తప్పదనుకుంటే అన్‌చెక్డ్ యాక్సెస్ అని రాయాలి. అంటే ప్రమాదం ఎక్కడుందో కోడ్‌లోనే కనిపిస్తుంది.

సీకి ఇలా అన్వయించండి. గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ లోతు 0. ఫంక్షన్ పై బ్లాక్‌లోవి 1, దాని లోపలి బ్లాక్‌లోవి 2, అలా పెంచుకుంటూ పోవాలి. లోతు ఎక్కువున్న దాని అడ్రస్ లోతు తక్కువున్న చోటికి చేరితే అనుమానించాలి. పారామీటర్ దగ్గర జాగ్రత్త: పారామీటర్ అనే వేరియబుల్ లోతు 1, కానీ అది చూపించే వస్తువు బయటిది, దాన్ని 0 కింద లెక్కేయాలి. పారామీటర్ అడ్రస్‌నే రిటర్న్ చేసినా తప్పే, అదీ ఈ ఫంక్షన్‌దే కదా. భద్రత కీలకమైన సీ కోడ్ కోసం రాసిన మిస్రా సీ 2012 నియమావళిలో 18.6 నియమం దాదాపు ఇదే చెప్తుంది.

లోపలి బ్లాకులను వదిలేయకండి. లూప్ బాడీలో డిక్లేర్ చేసిన వేరియబుల్‌కి ప్రతి చుట్టులోనూ కొత్త జీవితం. దాని అడ్రస్‌ని లూప్ బయటి పాయింటర్‌లో పెట్టుకుని తర్వాతి చుట్టులో వాడే కోడ్ నేను చాలా చోట్ల చూశాను. కంపౌండ్ లిటరల్ (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే వస్తువు) కూడా అంతే, ఇఫ్ బ్లాక్‌లో రాస్తే ఆ బ్లాక్ ముగియగానే దాని పని అయిపోతుంది. ఇవి చాలాకాలం "పనిచేస్తాయి". కంపైలర్ ఆ స్లాట్‌ను ఇంకో బ్లాక్ వేరియబుల్‌కి ఇచ్చిన రోజున బయటపడతాయి.

లిస్ట్‌హెడ్

నియమం బాగుంది గానీ స్టోర్ జరిగిన క్షణంలోనే వార్నింగ్ ఇస్తే ఆ చెకర్‌ని జనం వారం తిరక్కుండానే ఆఫ్ చేస్తారు. లినక్స్ కెర్నల్‌లో జరిగింది చూడండి. వెయిట్ క్యూ (ఏదో ఒకటి జరిగేదాకా ఆగి ఉన్నవాళ్ల లిస్ట్) ఎంట్రీలు స్టాక్ మీద ఉంటాయి. వాటిని పంచుకునే లిస్ట్‌కి తగిలించి, నిద్రపోయి, లేచాక తీసేసి రిటర్న్ అవుతారు. పూర్తిగా సరైన కోడ్. కానీ లిస్ట్ నుంచి తీసేయడం పక్క నోడ్‌ల పాయింటర్ల ద్వారా జరుగుతుంది, మొదట అడ్రస్ పెట్టిన చోటు పేరు అక్కడ ఎక్కడా రాదు. జీసీసీ 12 ఇలాంటి లిస్ట్ కోడ్‌ని అర్థం చేసుకోలేక వార్నింగ్‌లు ఇచ్చింది. 2022లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ వార్నింగ్‌నే కెర్నల్ బిల్డ్‌లో ఆపేశారు.

లెక్సికల్_లోతు

ఒప్పుకుంటాను. స్టోర్ దగ్గర గుర్తు పెట్టుకోవాలి, తీర్పు మాత్రం స్కోప్ ముగిసేచోట ఇవ్వాలి. క్లాంగ్ అనలైజర్ చేసేదీ అదే: ఫంక్షన్ ముగిసేటప్పుడు మెమరీ నమూనాలో ఏ గ్లోబల్ అయినా ఇంకా ఈ ఫ్రేమ్ వైపు చూస్తోందా అని వెతుకుతుంది.

దీనివల్ల అసలు విలువైన బగ్‌లు పడతాయి. ఉదాహరణకి:

ఇంట్ నడుపు(వాయిడ్) {
    స్ట్రక్ట్ ఫ్రేమ్ కొత్తది;
    స్ట్రక్ట్ ఫ్రేమ్ *పాతది = ప్రస్తుతం;
    ప్రస్తుతం = &కొత్తది;
    ఇఫ్ (చదువు() < 0)
        రిటర్న్ -1;
    ప్రస్తుతం = పాతది;
    రిటర్న్ 0;
}

మామూలు దారిలో గ్లోబల్ తిరిగి పాత విలువకి వచ్చేస్తుంది. ఎర్రర్ దారిలో మాత్రం స్టాక్ అడ్రస్‌తోనే మిగిలిపోతుంది. రివ్యూలో ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే పునరుద్ధరణ వాక్యం ఫంక్షన్‌లో కళ్లముందే ఉంది. టెస్ట్‌లోనూ పడదు, ఎర్రర్ వచ్చాక ప్రోగ్రామ్ ముందుకు నడిస్తేనే తెలుస్తుంది. దారుల్ని విడివిడిగా నడిచే టూల్ ఒక్కటే దీన్ని నేరుగా చూపిస్తుంది. స్టోర్ దగ్గరే అరిచే టూల్ సరైన కోడ్ మీదా తప్పు కోడ్ మీదా ఒకేలా అరుస్తుంది, అప్పుడు ఈ తేడా ఎవరూ చూడరు.

రిజిస్టర్_రాణి

ఇది మా కోడ్‌లో కనీసం ఒకచోట ఉందని ఇప్పుడే గుర్తొచ్చింది! రేపు వెతుకుతాను.

కానీ దారులన్నీ విడివిడిగా నడిస్తే వాటి సంఖ్య అదుపు తప్పదా? ఒక్కో ఇఫ్‌తో రెట్టింపు కదా.

పాతకోడ్

తప్పుతుంది, అందుకే క్లాంగ్ అనలైజర్ హద్దులు పెట్టుకుంటుంది. లూప్‌ని డిఫాల్ట్‌గా నాలుగు సార్ల వరకే చూస్తుంది, ఒక ఫంక్షన్‌కి ఇంత పని అని పరిమితి ఉంటుంది. ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. రైస్ సిద్ధాంతం 1953 నుంచి మనకి తెలుసు, ప్రోగ్రామ్ ప్రవర్తన గురించిన ఇలాంటి ప్రశ్నకి ఎప్పుడూ ఖచ్చితమైన జవాబిచ్చే టూల్ అసాధ్యం. తప్పిపోయేవి కొన్ని ఉండాలి, లేదా అనవసరపు వార్నింగ్‌లు కొన్ని ఉండాలి.

మీ పనికి నా సలహా వేరే. దారులన్నీ నడవక్కర్లేదు. కంట్రోల్ ఫ్లో గ్రాఫ్ (ఫంక్షన్ ఏ దారుల్లో నడవగలదో చూపే పటం) మీద మామూలు డేటాఫ్లో (విలువలు ఎటు పోతాయో లెక్కగట్టే పద్ధతి) సరిపోతుంది. ప్రతి బయటి చోటుకీ "ఇందులో ఉండగలిగే లోకల్ అడ్రస్‌ల సమితి" అని ఒకటి మోయండి. రెండు దారులు కలిసేచోట సమితుల్ని కలపండి. కొత్త విలువ రాస్తే పాతది పోవాలి, అది కూడా ఆ చోటు ఒక్కటేనని ఖాయంగా తెలిసినప్పుడే. పై ఉదాహరణకి ఇది చాలు, ఎందుకంటే ప్రతి రిటర్న్‌నీ విడిగా చూస్తే మొదటి రిటర్న్ దగ్గర సమితిలో కొత్తది అడ్రస్ ఇంకా ఉంటుంది. ఒకే షరతు రెండుసార్లు పరీక్షించే కోడ్‌లో మాత్రం ఈ పద్ధతి అబద్ధపు వార్నింగ్ ఇస్తుంది, అక్కడ దారుల జ్ఞానం కావాలి.

రిజిస్టర్_రాణి

అర్థమైంది. ఇక నా అసలు బగ్. కాల్‌బ్యాక్_చేర్చు వేరే ఫైల్లో ఉంది. పని_మొదలు లోపల ఒక్క స్టోర్ కూడా లేదు. ఎవరు చూసినా అది ఒక మామూలు ఫంక్షన్ కాల్.

సారాంశం_రాసేవాడు

రాణి గారూ, ఈ థ్రెడ్ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న మీరు ఇప్పుడు అడిగారు. లోకల్ అడ్రస్‌ని ఇంకో ఫంక్షన్‌కి ఇవ్వడం సీ కోడ్‌లో క్షణక్షణం జరిగేదే. స్కాన్‌ఎఫ్‌ని పిలిచినప్పుడూ అదే చేస్తాం. తేడా అంతా, పిలవబడ్డ ఫంక్షన్ ఆ అడ్రస్‌ని వాడి వదిలేస్తుందా, దాచుకుంటుందా అన్నదే. సీలో ప్రోటోటైప్ (ఫంక్షన్ డిక్లరేషన్) ఆ మాట చెప్పదు. ఒకే వాయిడ్ పాయింటర్ రెండు అర్థాల్లోనూ వస్తుంది. తెలియని ఫంక్షన్‌కి అడ్రస్ వెళ్లగానే చాలా టూల్స్ చేతులెత్తేస్తాయి, మౌనంగా ఉండిపోతాయి. మీకు వార్నింగ్ రాకపోవడానికి కారణం అదే.

నేను చేసేది ఇది. ప్రతి ఫంక్షన్‌కీ, ప్రతి పాయింటర్ పారామీటర్‌కీ ఒక సారాంశం లెక్కగడతాను. వాడి వదిలేస్తుంది; తిరిగి రిటర్న్ చేస్తుంది; గ్లోబల్‌లో దాచుతుంది; ఫలానా పారామీటర్ చూపించే వస్తువులో దాచుతుంది. ఇంకేవీ పిలవని ఫంక్షన్లతో మొదలుపెట్టి పైకి వస్తాను. ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్ల గుంపుని విలువలు మారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ తిప్పుతాను. వేరే ఫైళ్లకి ఈ సారాంశాల్ని డిస్క్ మీద పెట్టుకుంటే చాలు, కోడ్ మొత్తం ఒకేసారి మెమరీలో ఉండక్కర్లేదు. ఫేస్‌బుక్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన ఇన్‌ఫర్ అనే స్టాటిక్ అనాలిసిస్ టూల్ పెద్ద కోడ్‌బేస్‌ల మీద పనిచేయగలగడానికి మూలం ఇలాంటి సారాంశాలే. స్టాక్ వేరియబుల్ అడ్రస్ ఎస్కేప్ అనే వార్నింగ్ దాంట్లోనూ ఉంది.

నాలుగోది, అంటే "ఫలానా పారామీటర్‌లో దాచుతుంది" అన్నది విడిగా ఉండటం చాలా అవసరం. మీ కాల్‌బ్యాక్_చేర్చు మూడో పారామీటర్‌ని మొదటిదాంట్లో దాచుతుంది. పని_మొదలులో లూప్ బయటి నుంచి వచ్చింది, లోతు 0, జాబ్ లోతు 1. తప్పు. అదే మెయిన్‌లో లూప్, జాబ్ రెండూ పక్కపక్కన లోకల్స్‌గా ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. అక్కడ వార్నింగ్ ఇవ్వకూడదు. "ఈ ఫంక్షన్ దాచుకుంటుంది" అని ఊరికే గుర్తుపెడితే రెండుచోట్లా వార్నింగ్ వస్తుంది, మెయిన్ రాసినవాళ్లు మీ టూల్‌ని నమ్మడం మానేస్తారు.

టెంపరరీ_తంటా

సీ ప్లస్ ప్లస్ వాళ్లకి పై మెయిన్ ఉదాహరణలో ఇంకో మెలిక ఉంది. లోకల్స్ డిక్లేర్ చేసిన క్రమానికి వ్యతిరేక క్రమంలో నశిస్తాయి. లూప్ ముందు, జాబ్ తర్వాత రాస్తే జాబ్ ముందు పోతుంది. లూప్ డిస్ట్రక్టర్ (వస్తువు నశించేటప్పుడు నడిచే ఫంక్షన్) మిగిలిన జాబ్‌లని తాకితే డ్యాంగ్లింగే. లోతు ఒక్కటే చాలదు, డిక్లరేషన్ వరస కూడా కావాలి.

మా దగ్గర ఎక్కువగా కనిపించేవి టెంపరరీలు (వాక్యం ముగియగానే పోయే పేరులేని వస్తువులు), లాంబ్డాలు (పేరులేని ఫంక్షన్లు): స్ట్రింగ్ రిటర్న్ చేసే ఫంక్షన్ ఫలితాన్ని స్ట్రింగ్ వ్యూలో (కాపీ చేయకుండా స్ట్రింగ్‌ని చూపించేదాంట్లో) పట్టుకోవడం, లోకల్స్‌ని రిఫరెన్స్‌తో క్యాప్చర్ చేసిన లాంబ్డాని క్యూలో పెట్టడం. క్లాంగ్‌లో లైఫ్‌టైమ్‌బౌండ్ అనే యాట్రిబ్యూట్ పెడితే "ఈ ఫంక్షన్ ఫలితం ఈ పారామీటర్ బతికున్నంతకాలమే చెల్లుతుంది" అని కంపైలర్‌కి తెలుస్తుంది. జీసీసీ 13 ఇలాంటిది యాట్రిబ్యూట్ లేకుండానే ఊహించి చెప్పే డ్యాంగ్లింగ్-రిఫరెన్స్ వార్నింగ్ తెచ్చింది. అబద్ధపు వార్నింగ్‌లు ఎక్కువై 14లో దాన్ని మామూలు వార్నింగ్‌ల ఆల్ జాబితాలోంచి అదనపు వార్నింగ్‌ల ఎక్స్‌ట్రా జాబితాలోకి మార్చారు. ఊహకీ, రాసిపెట్టిన మాటకీ ఉన్న తేడా ఇదే.

సారాంశం_రాసేవాడు

అవును. సోర్స్ లేని లైబ్రరీలకి, ఫంక్షన్ పాయింటర్లకి సారాంశం లెక్కగట్టలేం, అక్కడ మనిషే రాయాలి. క్లాంగ్‌లో నోఎస్కేప్ యాట్రిబ్యూట్ ఉంది, ఈ పాయింటర్‌ని దాచుకోను అని ఫంక్షన్ ఇచ్చే మాట. కొత్త వెర్షన్లలో లైఫ్‌టైమ్ క్యాప్చర్ బై అనేది కూడా వచ్చింది, ఎవరిలో దాచుతుందో దాంట్లో చెప్పొచ్చు. ఒక జాగ్రత్త: నోఎస్కేప్ పెట్టిన ఫంక్షన్ నిజంగా ఆ మాట నిలబెట్టుకుంటోందో లేదో చూసే బాధ్యత రాసినవాళ్లదే. సోర్స్ ఉన్నచోట మీ టూల్ ఆ మాటని సారాంశంతో సరిపోల్చి చూడాలి. లేకపోతే తప్పు యాట్రిబ్యూట్ ఒక్కటి చాలు, దాని వెనక ఉన్న బగ్‌లన్నీ దాక్కుంటాయి.

కొత్తబిట్

నాదొక సందేహం. ఇంత కష్టం ఎందుకు? అడ్రస్ శానిటైజర్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా తప్పు మెమరీ వాడకాన్ని పట్టే టూల్‌తో) టెస్టులు నడిపితే అదే పట్టుకోదా?

పాతకోడ్

పట్టుకుంటుంది, తప్పకుండా నడపండి. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మంచిది. ఫంక్షన్ లోకల్స్‌ని అసలు స్టాక్ మీద కాకుండా హీప్‌లోని (ఫంక్షన్ రిటర్న్‌తో పోని మెమరీలోని) ఫేక్ స్టాక్ మీద పెట్టి, రిటర్న్ కాగానే ఆ చోటుని విషపూరితం అని గుర్తుపెడుతుంది. తర్వాత ఎవరు ముట్టుకున్నా దొరికిపోతారు. స్టాక్ యూజ్ ఆఫ్టర్ రిటర్న్ అనే ఈ తనిఖీ చాలాకాలం డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండేది. లినక్స్ మీద క్లాంగ్ 15 నుంచి డిఫాల్ట్‌గా ఆన్ అయింది, పాత కంపైలర్ అయితే మీరే ఆన్ చేయాలి.

వాల్‌గ్రైండ్ అనే ఇంకో మెమరీ తనిఖీ టూల్ మీద ఇక్కడ ఆధారపడకండి. స్టాక్ పాయింటర్ కింద ఉన్న చోటుని ముట్టుకుంటే అది చెప్తుంది గానీ, ఇంకో ఫంక్షన్ కాల్ ఆ చోటుని మళ్లీ ఆక్రమించాక దాని దృష్టిలో అది చెల్లే మెమరీయే.

రెండింటికీ ఒకటే హద్దు. టెస్ట్ ఆ దారిలో నడవాలి, పైగా చెడ్డ పాయింటర్‌ని నిజంగా వాడాలి. లెక్సికల్_లోతు గారి ఉదాహరణలో ఎర్రర్ వచ్చి, ఆ తర్వాత ఎవరో ప్రస్తుతం అనే గ్లోబల్‌ని చదివితేనే దొరుకుతుంది. స్టాటిక్ తనిఖీ ఆ వాడకం కోసం ఎదురుచూడదు.

లిస్ట్‌హెడ్

రాణి గారూ, మీ ప్రాజెక్ట్‌లో థ్రెడ్లు కూడా ఉంటే ఒక నమూనాని ప్రత్యేకంగా వెతకండి. నా అనుభవంలో ఇదే అన్నిటికన్నా చెడ్డది. ఒక ఫంక్షన్ స్టాక్ మీద కంప్లీషన్ వస్తువు (పని అయిందని తెలిపే గుర్తు) పెట్టి, దాని అడ్రస్‌ని వర్కర్‌కి ఇచ్చి, పని అయ్యేదాకా ఆగుతుంది. ఇది సరైనదే, ఆగి ఉన్నంతసేపూ ఫ్రేమ్ బతికే ఉంటుంది. తర్వాత ఎవరో వచ్చి ఆ వెయిట్‌కి టైమౌట్ చేరుస్తారు. ఇప్పుడు టైమౌట్ అయితే ఫంక్షన్ వెళ్లిపోతుంది, వర్కర్ మాత్రం ఆలస్యంగా వచ్చి ఆ అడ్రస్‌లో రాస్తాడు. మార్పు ఒక్క లైనే, డిఫ్‌లో మంచి ఆలోచనలాగే కనిపిస్తుంది.

సాధారణ ఎస్కేప్ అనాలిసిస్‌కి ఇది కష్టం. వర్కర్‌కి ఇవ్వడం ఎస్కేప్, వెయిట్ చేయడం ఆ ఎస్కేప్‌ని మూసేయడం. కాబట్టి మీ సారాంశాల్లో "మూసేసే ఫంక్షన్" అనే గుర్తు కూడా ఉండాలి. లిస్ట్ డిలీట్, టైమర్ క్యాన్సిల్, పూర్తి వెయిట్ ఇలాంటివి. టైమౌట్ ఉన్న వెయిట్ విజయవంతమైన దారిలో మాత్రమే మూసేస్తుంది, విఫలమైన దారిలో మూసేయదు. ఈ జతల్ని చేత్తో రాసి టూల్‌కి ఇవ్వండి. లిస్ట్ ఆకారాన్ని గణితంగా నిరూపించే సెపరేషన్ లాజిక్ దారి ఉంది గానీ, ఒక ప్రాజెక్ట్ కోసం రాసే చెకర్‌కి జతల జాబితా ఎంతో ఎక్కువ ఫలితమిస్తుంది.

కొత్తబిట్

రస్ట్ భాషలో ఇదంతా కంపైలరే చూసుకుంటుంది కదా?

లెక్సికల్_లోతు

చూసుకుంటుంది, ఎందుకంటే ఫంక్షన్ సిగ్నేచర్‌లోనే లైఫ్‌టైమ్ రాయాలి. సారాంశం_రాసేవాడు గారు చెప్పిన సారాంశాన్నే అక్కడ భాష తప్పనిసరి చేసింది. గో భాష ఇంకో దారి పట్టింది: అడ్రస్ బయటికి పోతోందని అనుమానం వస్తే వేరియబుల్‌ని హీప్‌కి మార్చేస్తుంది, కాబట్టి అక్కడ ఎస్కేప్ అనాలిసిస్ తడబడినా పోయేది వేగమే. రాణి గారి చేతిలో ఉన్నది సీ కోడ్, అది రేపు కూడా నడవాలి.

రిజిస్టర్_రాణి

అందరికీ చాలా కృతజ్ఞతలు. ముందు సారాంశాలు, స్కోప్ ముగింపులో తీర్పు, మూసేసే జతల జాబితా. ఈ వరసలో మొదలుపెడతాను. మా హెడర్ ఫైళ్లలో పాయింటర్‌ని దాచుకునే ప్రతి పారామీటర్ దగ్గరా యాట్రిబ్యూట్ పెట్టించడానికి టీమ్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నారు. చివరిగా ఒక ప్రశ్న: ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలిస్తే ఏ సారాంశం వాడాలి?

సారాంశం_రాసేవాడు

ఆ పాయింటర్ ఏయే ఫంక్షన్లని చూపించగలదో పాయింట్స్-టు అనాలిసిస్‌తో తేల్చి, వాటి సారాంశాల్లో అన్నిటికన్నా చెడ్డది తీసుకోండి. ఆండర్సన్ 1994 పద్ధతి మీ ప్రాజెక్ట్ సైజుకి నెమ్మదైతే స్టీన్స్‌గార్డ్ 1996 పద్ధతి చాలా వేగం, కాస్త ముతక. ఏదీ తేలకపోతే వార్నింగ్ ఇవ్వకండి, విడిగా ఒక నివేదికలో రాయండి. యాట్రిబ్యూట్ ఎక్కడ కావాలో అదే మీకు చూపిస్తుంది.

పాతకోడ్

టెస్టుల్లో ఇవి తప్పక పెట్టండి. చార్ పాయింటర్‌కి స్ట్రింగ్ లిటరల్ ఇచ్చి రిటర్న్ చేయడం సరైనదే, చార్ అరేకి అదే లిటరల్ ఇచ్చి రిటర్న్ చేయడం తప్పు. రెండూ చూడటానికి ఒకటి రెండు అక్షరాల తేడా. అలోకాతో (స్టాక్ మీదే మెమరీ ఇచ్చే ఫంక్షన్‌తో) తీసుకున్న మెమరీ లోపలి బ్లాక్‌లో పిలిచినా ఫంక్షన్ ముగిసేదాకా ఉంటుంది, వేరియబుల్ లెంగ్త్ అరే (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు సైజు తేలే అరే) మాత్రం తన బ్లాక్‌తోనే పోతుంది. స్టాటిక్ లోకల్ అడ్రస్ రిటర్న్ చేస్తే మీ చెకర్ మాట్లాడకూడదు. ఇంకొకటి, స్ట్రక్ట్‌ని విలువగా రిటర్న్ చేసినా దాని లోపలి ఫీల్డ్ ఒకటి లోకల్ అరేని చూపిస్తూ ఉంటే ఎస్కేపే. మొదటి వెర్షన్లు ఎక్కువగా వదిలేసేది ఈ కేసునే, దీన్ని ఇప్పుడే రాసి పెట్టుకోండి.